అడిగి నడిచిన దారి

మా ఆయన యోనా ఏ పని చేసినా ముందు అడిగేవాడు. పక్కింటి శివమ్మక్క కరివేపాకు చెట్టు కొమ్మ ఒకటి గోడ మీద నుంచి మా వాకిట్లోకే వంగి ఉండేది. అయినా రెండు రెబ్బలు తెంపాలంటే గోడ దగ్గరికి వెళ్ళి, "అక్కా, జర కరివేపాకు తెంపుకుంట" అని కేకేసేవాడు. ఆమె ఇంట్లో లేకపోతే ఆ పూట చారులో కరివేపాకు ఉండేది కాదు. బోరింగు దగ్గర తన వంతు వచ్చాక కూడా వెనక నిలబడ్డవాళ్ళ వైపు తిరిగి "పట్టుకోనా?" అనేవాడు. మా పెళ్ళినాడు పాస్టరుగారు ప్రార్థన ముగించి మమ్మల్ని పక్కపక్కన కూర్చోమంటే, నా వైపు వంగి మెల్లగా "కూసోవచ్చునా?" అన్నాడు. నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"మీ ఆయన ఊపిరి పీల్చుటానికి గూడ అడుగుతడేమోనే డోర్కాసూ" అని శివమ్మక్క ఎకసెక్కాలాడేది.

"అడగకముందే ఇచ్చిండక్కా దేవుడు. గందుకే జర సిగ్గయితది" అనేవాడు ఆయన.

ఈ అడిగే అలవాటే కోర్టులో మా దారిని పోగొట్టింది. ఆ దారి మా పాప దగ్గరికి పోయే దారి.

మా పాప యేసుమణి తొమ్మిదో ఏట జ్వరంతో పోయింది. అప్పటికి శంషాబాదులో ఈ విమానాశ్రయం లేదు, రింగు రోడ్డు లేదు. మా వాడకు పడమటి పక్క కుర్మయ్య జొన్న చేను, చేను అవతల మా సమాధుల తోట. చేనులో గట్టు వెంబడి ఒక కాలిదారి ఉండేది. ఇద్దరు పక్కపక్కన నడిస్తే ఒకరి భుజానికి జొన్న ఆకు తగిలేది. చేను మొదటి నుంచి పాప దగ్గరికి మూడు వందల పన్నెండు అడుగులు. ఆయన లెక్కపెట్టి చెప్పాడు.

మా వాడలో ఎవరైనా పోతే పెట్టె మోసేవాళ్ళు చేను మొదట్లో ఆగాలి. ఆ ఇంటి పెద్ద ముందుకు వచ్చి, "కుర్మయ్యా, మా మనిషిని తీసుకపోతున్నం" అనాలి. కుర్మయ్య గొర్రెల దగ్గర ఉన్నా, అన్నం ముందు ఉన్నా లేచి వచ్చేవాడు. చెప్పులు విడిచి, "పైలంగ రాండ్రి" అని, పెట్టెకు ముందు నడిచేవాడు. వంగిన జొన్న కర్రలను చేత్తో పక్కకు తీస్తూ, ముళ్ళకంప కనబడితే కట్టెతో నెడుతూ అవతలి గట్టు దాకా వచ్చి అక్కడ ఆగిపోయేవాడు. వాళ్ళ తండ్రి అలాగే నడిచాడట. తాత కూడా నడిచాడట.

మా మణి పెట్టె చిన్నది. ఇద్దరే మోశారు. ఆ రోజు ఆయన నోట మాట రాలేదు. చేను మొదట్లో నిలబడి పెదవులు కదిపాడు, అంతే. కుర్మయ్య అర్థం చేసుకుని ముందుకు నడిచాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అతని భుజాలు కదలడం మాత్రం నేను చూశాను.

తర్వాత ప్రతి ఆదివారం గుడిలో ప్రార్థన కాగానే ఆయన చెంబుతో నీళ్ళు పట్టుకుని బయల్దేరేవాడు. పాప తల దగ్గర కనకాంబరం మొక్క పెట్టాడు. చేను మొదట్లో ఆగి, "కుర్మయ్యా, పోతున్న" అనేవాడు. చేనులో ఎక్కడి నుంచో, కొన్నిసార్లు మనిషి కూడా కనబడకుండా, "పోయి రా తమ్మీ" అని మాట వచ్చేది. నేను వెనక నడిచేదాన్ని. పొగమంచు పట్టిన రోజుల్లో ఆయన ముందు నడుస్తుంటే నడుము కిందంతా తెల్లగా కరిగిపోయి, మనిషి నీళ్ళలో తేలుతున్నట్టు ఉండేది. ఇప్పుడు కలలో ఆ దారి అలాగే వస్తుంది. జొన్న చేను గలగలమంటుంది. చెంబులో నీళ్ళు కదలవు.

ఊరిపేర్లూ చేలపేర్లూ మారిపోయే కాలం వచ్చింది. రెండువేల ఎనిమిదిలో విమానాలు మా కప్పుల మీదికి దిగడం మొదలయింది. వాటి కడుపులు వెండిలాగా మెరిసేవి. మొదటి రోజు అందరం వాకిట్లోకి పరుగెత్తాం. ఆయన తల పైకెత్తి, "అగో, నా చేప వచ్చింది" అన్నాడు. బైబిల్లో యోనాను చేప మింగింది కదా, ఆ మాట. అప్పటి నుంచి ఎప్పుడు విమానం వచ్చినా మా ఇంట్లో అది చేపే. "చేప ఆలస్యమయింది ఇయ్యాల, వాన ఉన్నట్టుంది" అనుకునేవాళ్ళం.

ఆ ఏడే కుర్మయ్య చేను అమ్మాడు. అటూ ఇటూ అందరూ అమ్మేశారు, గొర్రెలు మేసే చోటు లేకుండా పోయింది. అతను బడంగ్‌పేటలో కొడుకు కిరాయికున్న ఇంటికి పోయాడు. కొన్నది వీరరాఘవులు గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి కాటేదాన్‌లో ప్లాస్టిక్ పైపుల కార్ఖానా నడుపుకుంటున్నాయన. ఇల్లు కట్టుకోవాలని కొన్నాడు, కొన్న నెలకే చుట్టూ గోడ లేపాడు. చేను అమ్మేటప్పుడు దారి సంగతి కాగితంలో రాయించాలని కుర్మయ్యకు తోచలేదు. "చేను అమ్మిన గని దారి అమ్మలే గద నేను" అన్నాడు తర్వాత, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఇక సమాధుల తోటకు పోవాలంటే వాడ చివరి దాకా వెళ్ళి, రింగు రోడ్డు పక్క బాట పట్టి, వంతెన కింద నుంచి చుట్టి రావాలి. గంటకు పైన నడక. చెంబులో నీళ్ళు సగం తొణికిపోయేవి. ఆయనకు అప్పటికే మోకాళ్ళ నొప్పులు.

"పోయి రాఘవులు సారును అడుగుత" అన్నాడు గోడ లేచిన వారమే.

వాడ పెద్దలు పోనివ్వలేదు. "అడిగితే దారి ఆయనదని ఒప్పుకున్నట్టయితది యోనా. తాతల నాటి నుంచి నడిచినం. మనది హక్కు. హక్కును అడుగుతరా ఎవరన్న?" అన్నారు. ఆయనకు ఆ మాట నచ్చలేదు, ఎదురు చెప్పలేదు. పాప అక్కడ ఉంది కనుక, ఊళ్ళో ఆయన మాట మీద అందరికీ నమ్మకం కనుక, కేసు ఆయన పేరు మీదనే వేశారు. వకీలు చాముండేశ్వరి గారు. కోస్తావైపు ఆవిడ, తెల్ల చీర, మెత్తని మాట. మా దగ్గర నుంచి ఎక్కువేమీ ఆశించకుండా కేసు పట్టింది.

కింది కోర్టులో ఆయన బోనెక్కిన రోజు నేను కిటికీ పక్క బల్ల మీద కూర్చున్నాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. "అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పండి యోనా గారూ" అని చాముండేశ్వరి గారు ముందే చెప్పింది. అటువైపు వకీలు నవ్వుతూ లేచాడు. కోపంగా ఏమీ లేడు, చుట్టంలాగా మాట్లాడాడు.

"పెద్దాయనా, శవాన్ని తీసుకుపోయేటప్పుడు నేరుగా కుర్మయ్య చేలో దిగేవాళ్ళా?"

"లేదు సారూ. మొదట్ల ఆగుతం."

"ఆగి?"

"కుర్మయ్యకు చెప్తం."

"చెప్పడమా, అడగడమా?"

ఆయనకు పౌరుషం వచ్చింది. బోను కర్రను రెండు చేతులా పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. "అడగకుంట ఎట్ల పోతం సారూ? మనిషి చేన్ల నుంచి మనిషిని మోసుకపోవుడంటే మర్యాద ఉండాలె గద. మేమేమన్న మర్యాద లేనోళ్ళమా? ఆదివారం నేనొక్కణ్ణి పోయినా అడుగుత."

"ప్రతిసారీ?"

"ప్రతిసారి."

"చాలు" అని అటువైపు వకీలు కూర్చున్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. తలెత్తి మంచి మాట చెప్పానన్న సంతోషం మొహంలో. చాముండేశ్వరి గారు మాత్రం కళ్ళు మూసుకుంది.

తర్వాత కుర్మయ్యను పిలిచారు. అతను మా మేలు కోరి మరీ గట్టిగా చెప్పాడు. "అవ్ సారూ, అడుగుతరు. పొమ్మంట. ఒక్కనాడు వద్దనలే. శవాన్ని వద్దనెటోడు మనిషేనా?"

బయట వేపచెట్టు కింద చాముండేశ్వరి గారు మాకు విడమరిచి చెప్పింది. ఎవరినీ అడగకుండా, అందరూ చూస్తుండగా, ఇది మాదే అన్నట్టు ఇరవై ఏళ్ళు నడిస్తే ఆ దారి హక్కు అవుతుంది. అడిగి నడిస్తే చేనుగలవాడి దయ అవుతుంది. దయ ఎన్నేళ్ళు సాగినా దయే, మనసు మారితే ఆపుకోవచ్చు.

"అంటే నేను తప్పు చెప్పిన్నా అమ్మా?" అన్నాడు ఆయన.

"తప్పు కాదండీ. నిజమే చెప్పారు" అంది ఆవిడ. కాగితాలు సంచిలో పెట్టుకుంటూ మళ్ళీ అంది. "ఇకమీదట కేసు అయ్యేదాకా ఎవరినీ ఏదీ అడక్కండి. వీరరాఘవులు గారిని అసలే అడక్కండి. మీరు అడిగే ప్రతి మాటా మనకే ఎదురు తిరుగుతుంది."

రెండువేల పదిలో తీర్పు వచ్చింది. అడిగి నడిచారు కనుక హక్కు లేదు. ఆ సాయంత్రం శివమ్మక్క గోడ మీద మోచేతులు ఆనించి సంగతంతా విన్నది.

"గట్లనా! దొంగతనంగ పోయినోనికి దారి, అడిగి పోయినోనికి గోడ. మంచిగున్నది మీ కోర్టు."

"కోర్టును అనకక్కా. నేను చెప్పిందే వాళ్ళు రాసుకున్నరు" అన్నాడు ఆయన.

జిల్లా కోర్టుకు పోయాం. అక్కడ కాగితాలే అటూ ఇటూ తిరిగాయి, మమ్మల్ని పిలవలేదు. రెండేళ్ళకు అదే మాట వచ్చింది. ఇక మిగిలింది హైకోర్టు. ఆయనకు మనసులో ఒక్క ఆశ. అంత పెద్ద కోర్టు అంటే అంత పెద్ద బోను ఉంటుంది. అందులో నిలబడి, ఆనాడు సగంలో ఆగిపోయిన మాట పూర్తి చేయాలి.

అప్పటికి ఆయన విమానాశ్రయం పోయే రోడ్డు మధ్యలో మొక్కలకు నీళ్ళు పట్టే పనిలో ఉన్నాడు. కార్లు రెండు పక్కలా గాలిలాగా పోతుంటే, మధ్యలో పచ్చగడ్డి మీద పసుపు చొక్కాతో, పైపు పట్టుకుని నిలబడేవాడు. మధ్యాహ్నం అన్నం గిన్నె ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూశాను, పెదవులు కదులుతున్నాయి. దగ్గరికి పోతే వినబడింది.

"అయ్యా, మా అడుగుడు వేరు. పొమ్మంటె పోతం, వద్దంటె పోమని కాదు. ఇంట్ల నుంచి బయటికి పోతూ అమ్మకు చెప్పి పోతం గద, గట్ల. అమ్మ వద్దంటదా? అనదు. అయినా చెప్పి పోతం..."

"ఎవరితోటి?" అన్నాను.

ఉలిక్కిపడి, నీళ్ళ పైపు దించి, "గీ గన్నేరు చెట్టుతోటి. ఇది జడ్జి గారు. గా పక్కది రాఘవులు సారు వకీలు. అది ఊకె అడ్డం మాట్లాడుతది" అన్నాడు. నవ్వాడు, కళ్ళలో తడి ఉంది. పై నుంచి చేప ఒకటి దిగింది. దాని నీడ మా ఇద్దరి మీద నుంచి చల్లగా పోయింది.

వేపచెట్టు కింద ఆ మాట విన్ననాటి నుంచీ ఆయన ఎవరినీ ఏదీ అడగలేదు. వకీలమ్మ చెప్పింది రాఘవులు గారిని అడగవద్దనే, కాని ఆయన అన్నిటికీ అనుకున్నాడు. కరివేపాకు తెంపడం మానేశాడు. బోరింగు దగ్గర అందరూ పోయేదాకా నిలబడేవాడు. ఆదివారం గోడ పక్క నుంచి నడుస్తూ గోడ మీద అరచేయి ఆనించి, రాసుకుంటూ, చివరి దాకా వెళ్ళేవాడు. అరచేతికి సున్నం అంటేది. ఎండాకాలం కనకాంబరం ఎండిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎండింది.

రెండువేల పద్నాలుగు ఫిబ్రవరిలో హైకోర్టుకు రమ్మని కబురు వచ్చింది. ఆరాంఘర్ దగ్గర బస్సు మారి, మూసీ వంతెన దగ్గర దిగి నడిచాం. ఆ గుమ్మటాలు, ఆ ఎర్రరాయి, లోపల ఎత్తైన కప్పు, పావురాల రెక్కల చప్పుడు. గుడిలోకి వచ్చినట్టు ఆయన చెప్పులు విప్పబోతే చాముండేశ్వరి గారు వద్దని ఆపింది. హాలు వెనక బల్ల మీద కూర్చోబెట్టింది. ఆయన మెడ చాపి అటూ ఇటూ వెతుకుతున్నాడు.

"అమ్మా, బోను యాడుంది?"

"ఇక్కడ బోను ఉండదండీ యోనా గారూ."

"మరి సాక్షులు యాడ నిలబడుతరు?"

"సాక్షులు ఇక్కడికి రారు. వాళ్ళు చెప్పింది కింద రాసేశారుగా, ఆ కాగితాలే వస్తాయి."

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండేళ్ళు గన్నేరు చెట్టుకు చెప్పిన మాటలన్నీ ఆ చేతుల్లోనే ఉన్నట్టు వాటినే చూస్తూ కూర్చున్నాడు.

మా వంతు వచ్చింది. మాటలన్నీ ఇంగ్లీషులో సాగాయి. చాముండేశ్వరి గారు చాలా గట్టిగా మాట్లాడింది, ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. జడ్జిగారు వింటూ కాగితాలు వెనక్కీ ముందుకీ తిప్పాడు. ఒకచోట ఆగి చాలాసేపు చదివాడు. తలెత్తి, నెమ్మదిగా ఏదో అన్నాడు. చాముండేశ్వరి గారి భుజాలు దిగాయి.

అప్పుడు మా ఆయన లేచి నిలబడ్డాడు. నేను చొక్కా పట్టి లాగాను. ఆగలేదు. రెండు చేతులూ జోడించి, అంత పెద్ద హాల్లో, బోరింగు దగ్గర అడిగినట్టే అడిగాడు.

"అయ్యా, నేనొక మాట చెప్పచ్చునా?"

ఎవరో కసిరారు. జడ్జిగారు చెయ్యెత్తి వాళ్ళను ఆపి, తెలుగులో, "మీరేనా యోనా?" అన్నాడు.

"అవునయ్యా."

"మీ సాక్ష్యం చదివాను పెద్దాయనా. అడిగి పోవడం అంటే మీ మనసులో ఏముందో వినాలని నాకూ ఉంది. కానీ వినే అధికారం ఈ కుర్చీకి లేదు. మిమ్మల్ని చూసి, విని, తేల్చవలసిన వాళ్ళు కింది కోర్టువాళ్ళు. ఇద్దరూ ఒకే మాట తేల్చారు. వాళ్ళు చట్టాన్ని తప్పుగా చదివితే నేను దిద్దగలను. మనిషి మాటను మళ్ళీ తూచడానికి రెండో అప్పీలులో నాకు వీల్లేదు. వాళ్ళ స్థానంలో నేనుంటే వేరుగా అనుకునేవాణ్ణేమో. అయినా వీల్లేదు."

ఆయన తల ఊపాడు. "మంచిదయ్యా" అని కూర్చున్నాడు.

బయట వరండాలో నాకు కోపం వచ్చింది. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను, కాని అన్నాను. "అంత పెద్ద కోర్టు. వినాలనుంది గని వినను అంటదా? పెద్ద కోర్టయి ఏం లాభం?"

"గట్ల అనకు మణి అమ్మా" అన్నాడు. పాప పోయి అన్నేళ్ళయినా నన్ను అలాగే పిలిచేవాడు. "పెద్ద కోర్టుకు గూడ గట్టు ఉంటదట. గట్టు దాకనే ఆయన చేను. అవతల అడుగు పెట్టుమని ఎవరు చెప్పలే ఆయనకు. కుర్మయ్య జూడు, అవతలి గట్టు కాడ ఆగిపోతుండె గద. పెట్టె ఎవరిదైనా సరే."

పావురం ఒకటి మా మధ్య దిగి, ఏదో ఏరుకుని ఎగిరిపోయింది.

చాముండేశ్వరి గారు నల్లకోటు విప్పి చేతి మీద వేసుకుని వచ్చింది. అలసిపోయి ఉంది. "కేసు అయిపోయిందండీ. నన్ను క్షమించండి" అంది. ఆయన ఆవిడ మొహంలోకి చూసి, చిన్నపిల్లవాడిలాగా అడిగాడు.

"అమ్మా, ఇగ కేసు అయిపోయింది గద. ఇగ అడగచ్చునా?"

"ఏమిటండీ?"

"రాఘవులు సారును. దారి."

ఆవిడ కోటు ఒక చేతి మీద నుంచి ఇంకో చేతి మీదికి మార్చుకుంది. "అడగొచ్చండీ. ఇక అడగొచ్చు" అని మొహం అటు తిప్పుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి కూడా పోలేదు. బస్సు దిగి నేరుగా, గోడ లోపల ఒక పక్కన రాఘవులు గారు కట్టుకున్న ఇంటి తలుపు కొట్టాం. ఆయన లుంగీ మీద బయటికి వచ్చి, మమ్మల్ని చూసి మొహం ముడిచాడు.

"ఆరేళ్ళు కోర్టుల చుట్టూ తిప్పారు నన్ను. గెలిచి కూర్చున్నాను. ఇప్పుడు వచ్చి అడుగుతున్నారా?"

"అవును సారూ. అప్పుడు అడగనియ్యలే."

"ఎవరు అడగనివ్వలేదు?"

"కేసు, సారూ."

రాఘవులు గారు నవ్వాలో తిట్టాలో తెలియక నిలబడ్డాడు. "గోడ కట్టిన రోజే వచ్చి ఈ ఒక్క మాట అడిగుంటే ఇంత దూరం వచ్చేదాండీ?"

"ఆ వారమే అడుగుదామనుకున్న సారూ."

"ఇప్పుడిస్తే రేపు మళ్ళీ హక్కంటారు. మీ వాళ్ళంతా కలిసి వస్తారు."

"అనం సారూ. పోయినప్పుడల్ల అడుగుతం. అడిగితే హక్కు కాదని మూడు కోర్టులు చెప్పినయి గద. ఇగ నీకేం భయం?"

రాఘవులు గారు ఆయన్ను ఎగాదిగా చూశాడు. "చూద్దాం" అని తలుపు వేసుకున్నాడు. మా ఆయన మాత్రం ఇంటికొస్తూ దారిపొడుగునా తేలిగ్గా నడిచాడు. వాకిట్లోకి రాగానే గోడ దగ్గరికి పోయి, "అక్కా, జర కరివేపాకు తెంపుకుంట" అన్నాడు. శివమ్మక్క లోపల నుంచి, "వచ్చినవా? చెట్టు ముసలిదయిపాయె నీ కోసం చూసి చూసి" అంది.

మూడు ఆదివారాలు పోయాయి, నాలుగు పోయాయి. మళ్ళీ వెళ్ళి అడగమని నేనంటే, "ఒకసారి అడుగుడు మర్యాద. రెండోసారి పరేషాన్ చేసుడు" అన్నాడు. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు పిల్లలు ఈత మట్టలు పట్టుకుని పాడుకుంటూ గోడ పక్క నుంచి వెళ్ళారు. ముసలివాళ్ళు వెనకబడి గోడ పట్టుకుని నిలబడ్డారు. రాఘవులు గారు డాబా మీద నుంచి చూస్తూ ఉన్నాడు. ఆ శనివారం గోడను రెండు చోట్ల కోస్తున్న మిషను చప్పుడు వినిపించింది. కాటేదాన్ నుంచి పనివాళ్ళు వచ్చి రెండు ఇనుప తలుపులు బిగించారు, ఇటొకటి అటొకటి. గడియలు లోపలి వైపే.

ఈస్టరు తెల్లవారుజామున వాడ అంతా కొవ్వొత్తులు పట్టుకుని తలుపు ముందు ఆగింది. మా ఆయన తలుపు తట్టి, "రాఘవులు సారూ, పోతున్నం" అన్నాడు. గడియ తీసిన చప్పుడయింది.

లోపల జొన్న లేదు. మామిడి మొక్కలు, పైపుల కట్టలు, మంచు పట్టిన గడ్డి. కాని ఆరేళ్ళయినా దారి గీత అక్కడే ఉంది. తాతల పాదాలు నొక్కిన ఆ మట్టి మీద గడ్డి పలుచగా మొలిచింది. కొవ్వొత్తి వెలుగులో ఒక బూడిదరంగు నీటిపాయలాగా కనబడింది. ఆయన పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను. పాప దగ్గరికి చేరాక, "మూడు వందల పన్నెండు" అన్నాడు.

ఆ తర్వాత పన్నెండు ఆదివారాలు నడిచాడు. జూలైలో, ఒక మబ్బు పట్టిన పగలు, రోడ్డు మధ్య మొక్కల్లో నీళ్ళ పైపు పక్కన పెట్టి కూర్చున్నాడట. అలిసి కూర్చున్నాడనుకున్నారట తోటివాళ్ళు. గన్నేరు చెట్టుకు ఆనుకుని ఉన్నాడని చెప్పారు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

మరుసటి రోజు మధ్యాహ్నం పెట్టె ఎత్తారు. కుర్మయ్య బడంగ్‌పేట నుంచి కట్టె ఊతంగా వచ్చాడు. చిన్న తుంపర. ఇనుప తలుపు ముందు పెట్టె ఆగింది. తలుపు ముందే తీసి ఉంది. రాఘవులు గారు లోపల నిలబడి, "రండి, రండి" అంటున్నాడు. ఒక్కరూ కదలలేదు. ఇంటి పెద్ద అడగాలి. మా ఇంట్లో ఇక పెద్ద ఎవరు? అందరూ నా వైపు చూశారు. అన్నేళ్ళూ ఆయన వెనక నడిచానే కాని, ఒక్కసారి కూడా ఆ మాట నేను అడగలేదు. పాపను తీసుకుపోయిన నాడు ఆయన పెదవులు ఎలా కదిలాయో నావి అలా కదిలాయి. పెట్టె మీద తుంపర చప్పుడు వినబడింది. ఆయన అడిగి ఉండకపోతే ఈ తలుపు లేదు కదా అనిపించింది.

"రాఘవులు గారూ" అన్నాను. "మా మనిషిని తీసుకపోతున్నం."

రాఘవులు గారు దారి ఇస్తూ పక్కకు తప్పుకున్నాడు. కుర్మయ్య వెనక నుంచి కట్టె ఎత్తి అన్నాడు. "పక్కకు గాదు సారూ, ముందు నడువాలె. చేను నీది గద. 'పైలంగ రాండ్రి' అను. నడువు."

రాఘవులు గారు చెప్పులు విడిచాడు. "పైలంగా రండి" అన్నాడు, తన యాసలో. తడిసిన గడ్డి మీద ముందు నడిచాడు. మామిడి కొమ్మ అడ్డం వస్తే చేత్తో ఎత్తి పట్టుకుని పెట్టె పోయేదాకా నిలబడ్డాడు, మళ్ళీ పరుగున ముందుకు వచ్చాడు. అవతలి తలుపు దగ్గర ఎవరూ చెప్పకుండానే ఆగిపోయాడు.

ఇప్పుడు ఆదివారం నేనే చెంబు పట్టుకుని పోతాను. తలుపు తట్టి అడుగుతాను. లోపల నుంచి ఒకరోజు రాఘవులు గారు, ఒకరోజు ఆయన భార్య, "వెళ్ళి రండమ్మా" అంటారు. నావి చిన్న అడుగులు. ఎప్పుడు లెక్కపెట్టినా నాలుగు వందలు దాటుతాయి. ఒక్కోసారి మధ్యలో చేప పై నుంచి పోతుంది, దాని నీడలో లెక్క తప్పుతాను. అప్పుడు ఆగి, ఉన్నచోటు నుంచే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాను. కనకాంబరాలు ఇప్పుడు రెండు మొక్కలు. ఒక చెంబు చాలడం లేదు.